రౌతు కొద్దీ గుర్రం

‘రౌతు కొద్దీ గుర్రం’ అని తెలుగువారి సామెత. ఎక్కినవాని సామర్థ్యాన్ని బట్టి, సంస్కారాన్ని బట్టి గుర్రం నడుస్తుందని దాని తాత్పర్యం. సామెత నేటికీ జనుల నోళ్లలో నిలిచి ఉన్నది గాని, రౌతులూ గుర్రాలూ మన కన్నుల ముందు నుండి తొలగిపోయి చాలా కాలమైంది. నేటి విద్యార్థిని గుర్రపు పందెమంటే ఏమిటని అడిగితే డబ్బు కాసే వ్యవహారమని వెంటనే చెబుతాడు. పరుగెత్తిన గుర్రం పేరు చెప్పగలవాడు అరుదు. దాని వీపుపై కూర్చున్నవాని పేరు చెప్పగలవాడు మరింత అరుదు. ఈ మరపు అన్యాయమైనదని నా అభిప్రాయం. పందెపు సొమ్మును మరచిపోయి, గుర్రాన్నీ రౌతునూ జ్ఞాపకముంచుకోవడమే సంస్కారవంతుల లక్షణమని నా నమ్మకం. ఆ నమ్మకానికి గల కారణాలను విద్యార్థి మిత్రులకూ, కళాశాల పెద్దలకూ మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నా బాల్యంలో, అనగా 1960వ దశకంలో, నంద్యాల రైల్వే స్టేషను బయట జట్కా బండ్లు బారులు తీరి ఉండేవి. రైలు దిగిన వకీళ్లూ, వర్తకులూ, పెళ్లివారూ, మహానందికి పోయే యాత్రికులూ వాటినే ఆశ్రయించేవారు. పచ్చగడ్డి వాసన, ఉడికించిన ఉలవల వాసన, గిట్టల చప్పుడు, మెడగంటల మోత కలిసి ఆ వీధికి ఒక ప్రత్యేకత ఉండేది. జట్కా తోలేవారిలో ఎక్కువమంది ముస్లిం సోదరులు. వారి మాటల్లో ఉర్దూ, తెలుగు పాలూ నీళ్లవలె కలిసిపోయేవి. జీను, లగాము, రికాబు, చాబుకు, సవారీ, దాణా, సాయీసు, నాల్‌బందు – ఇవి పారసీకం నుండి, అరబ్బీ నుండి ఉర్దూ ద్వారా వచ్చిన మాటలైనా తెలుగు రైతు వాటిని తన మాటలుగానే పలికేవాడు. కళ్లెం, జూలు, గిట్ట, డెక్క అచ్చంగా తెలుగు మాటలైనా జట్కా సాయిబు ఇంట్లో అవే వినిపించేవి. రెండు భాషలలో వెలువడే మన కళాశాల సంచికకు తగిన విషయం గుర్రానికి మించి మరొకటి ఉండదేమోనని నాకు అప్పుడప్పుడు తోస్తుంది. తెలుగులో మనుమంచి భట్టు ‘హయలక్షణ విలాసము’ రచించినాడు. ఉర్దూలో సాదత్ యార్ ఖాన్ ‘రంగీన్’ ‘ఫరస్ నామా’ రచించినాడు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోదగిన విషయం అశ్వమొక్కటే.

మా వీధి చివర ఒక జట్కా చాచా ఉండేవాడు. యౌవనంలో హైదరాబాదు పోయి, పందెపు గుర్రాలకు సాయీసుగా కొన్నేళ్లు పనిచేసి వచ్చినవాడు. సాయంకాలం బండి విప్పి, గుర్రానికి మాలీసు చేస్తూ, పిల్లలమైన మాకు పందెపు గుర్రాల కథలు చెప్పేవాడు. ఏ గుర్రం గేటు వద్ద మొండికేసేదో, ఏ గుర్రం వాన పడితే రెట్టింపు ఉత్సాహంతో పరుగెత్తేదో, ఏ జాకీ చాబుకు ఎత్తకుండా చేతి వేళ్లతోనే గుర్రంతో మాట్లాడేవాడో వర్ణించి చెప్పేవాడు. “ఎవరెవరు ఎంత డబ్బు గెలిచినారు చాచా?” అని మాలో ఒకడు అడిగితే ఆయన ముఖం చిట్లించుకునేవాడు. “అది పోయిన మాట బేటా. గుర్రం ఎట్ల పరుగెత్తిందో అడుగు, చెప్తా” అనేవాడు. నేను ఈనాడు ఇన్ని పుటల్లో చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

హైదరాబాదులో గుర్రపు పందెములకు దీర్ఘమైన చరిత్ర కలదు. మౌలాలీలో జరిగే పందెములను ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1886లో మలక్‌పేటకు మార్పించినాడు. నంద్యాల ప్రాంతం ఆనాడు మద్రాసు రాజధానిలోని కర్నూలు జిల్లాకు చెందినది కనుక, మనవారిలో కొందరికి గిండీ మైదానం కూడా పరిచితమే. అయితే ఈ మైదానాలలో ప్రసిద్ధమైనవి చదును నేలపై జరిగే పరుగులు. వాటిలోనూ మరువరాని గుర్రాలు లేకపోలేదు. రషీద్ బైరంజీ శిక్షణలో పెరిగి 1977లో ఇండియన్ డెర్బీ గెలిచిన ‘స్క్వాండరర్’ పేరు పాత తరం వారికి ఇప్పటికీ పులకింత కలిగిస్తుంది. ఆ ఆంగ్లపదానికి దుబారాకోరు అని అర్థం. కాని దుబారా చేసినది ఆ గుర్రం ఎన్నడూ కాదు. మైదానం చుట్టూ చీట్లు పట్టుకుని నిలిచిన మనుషులే.

కళాశాలలో చదివే రోజుల్లో గ్రంథాలయానికి వచ్చే ఆంగ్ల దినపత్రికల క్రీడా పుటలలో నాకు మరొక రకమైన పందెం పరిచయమైంది. అది అడ్డంకులను దుమికి పరుగెత్తే పందెం. ఆంగ్లంలో ‘స్టీపుల్ ఛేజ్’ అంటారు. 1752లో ఐర్లండులో ఇద్దరు పెద్దమనుషులు బట్టివాంట్ గ్రామపు చర్చి నుండి డోన్‌రైల్ గ్రామపు చర్చి శిఖరం వరకు, దారిలో ఎదురైన కంచెలనూ, వాగులనూ దాటుతూ గుర్రాలపై పోటీపడినారట. చర్చి శిఖరాన్ని గురిగా పెట్టుకున్నందున ఆ పేరు స్థిరపడింది. ఇంగ్లండులో లివర్‌పూలు సమీపాన ఎయిన్‌ట్రీ మైదానంలో 1839 నుండి జరిగే ‘గ్రాండ్ నేషనల్’ ఈ పందెములలో అగ్రగణ్యం. నాలుగు మైళ్లకు పైగా దూరం, ముప్పది అడ్డంకులు. బయలుదేరిన గుర్రాలలో సగం కూడా గమ్యం చేరని సంవత్సరాలు అనేకం.

చదును పరుగుకూ దీనికీ భేదం ఏమిటంటే, ఇక్కడ వేగమొక్కటే చాలదు. ప్రతి కంచె ముందూ గుర్రమూ రౌతూ కలిసి ఒక నిర్ణయం తీసుకోవాలి. కంచెకు ఆవల ఏమున్నదో గుర్రానికి తెలియదు. రౌతు మీది విశ్వాసంతోనే అది గాలిలోకి లేస్తుంది. రౌతుకైనా ఏ కంచె వద్ద ఎముక విరుగుతుందో తెలియదు. భుజం విరిగి, మెడ బెణికి, మూడు వారాలు గడవక ముందే తిరిగి జీనెక్కినవారి కథలు ఈ క్రీడలో కోకొల్లలు. బరువు తగ్గించుకునేందుకు పస్తులుండి, తెల్లవారుజామున మంచులో గుర్రాలకు వ్యాయామం చేయించి, మధ్యాహ్నం ప్రాణాలు అరచేత పట్టుకునే ఈ జాకీలు ప్రభువులు కారు. కూలికి పనిచేసే శ్రమజీవులు. గుర్రం ప్రభువుది, కప్పు ప్రభువుది, విరిగిన ఎముక మాత్రం జాకీది.

1973 మార్చిలో జరిగిన గ్రాండ్ నేషనల్ వృత్తాంతం చదివిన దినం నాకు ఇప్పటికీ జ్ఞాపకం. ‘క్రిస్ప్’ అనే ఆస్ట్రేలియా గుర్రంపై రిచర్డ్ పిట్‌మన్ స్వారీ చేసినాడు. తక్కిన గుర్రాలను ఎంతో వెనుక విడిచి ఒంటరిగా కంచెలు దాటిపోతూ ఉన్నది. కాని దాని వీపుపై పన్నెండు స్టోన్ల బరువు, అనగా సుమారు 76 కిలోలు. వెనుక నుండి తరుముకు వస్తున్న ‘రెడ్ రమ్’పై అంతకంటె దాదాపు పది కిలోలు తక్కువ. చివరి కంచె దాటిన తరువాత క్రిస్ప్ కాళ్లు తడబడినాయి. గమ్యానికి కొన్ని అడుగుల దూరంలో రెడ్ రమ్ దానిని దాటిపోయింది. అంతరం ముప్పాతిక గుర్రపు నిడివి మాత్రమే. కాలం తొమ్మిది నిమిషాల 1.9 సెకన్లు, అదివరకెవ్వరూ ఎరుగని వేగం. ఓడిన పిట్‌మన్ గుర్రాన్ని నిందించలేదు, బరువును నిందించలేదు. ఆఖరి ఘట్టంలో చాబుకు ఎత్తి తానే గుర్రం తూకం చెడగొట్టితినని, తప్పు తనదేనని బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఓటమికి పదిమంది మీద నెపం వేసే మనకు ఇంతకంటె గొప్ప పాఠం ఏ పుస్తకంలో దొరుకుతుంది?

గెలిచిన రెడ్ రమ్ కథ కూడా తక్కువది కాదు. దాని కాలి డెక్కలో ఎముక వ్యాధి. సౌత్‌పోర్టు పట్టణంలో మోటారు కార్లు అమ్ముకుంటూ గుర్రాలకు శిక్షణ ఇచ్చే జింజర్ మెకెయిన్ అనే సామాన్యుడు 1972లో దానిని ఆరువేల గినీలకు ఒక వృద్ధుని కోసం కొన్నాడు. పచ్చిక మైదానాలు లేనందున సముద్రపు ఇసుకపై పరుగెత్తించినాడు. ఆ ఉప్పునీటిలో దాని కాలు కుదుటపడింది. 1973లో, 1974లో బ్రయన్ ఫ్లెచర్ స్వారీతో గెలిచింది. 1975లో, 1976లో రెండవ స్థానంలో నిలిచింది. పన్నెండేళ్ల వయసులో, 1977లో టామీ స్టాక్ స్వారీతో మూడవసారి గెలిచింది. 1995లో ముప్పది సంవత్సరాల వయసున మరణించినప్పుడు ఎయిన్‌ట్రీ గమ్యస్తంభం పక్కనే సమాధి చేసినారు. ఒక జంతువును జాతి ఏ విధంగా జ్ఞాపకముంచుకోవాలో ఆ సమాధి చెబుతుంది.

మరి రెండు ఉదాహరణలు చెప్పి ఈ ప్రస్తావన ముగిస్తాను. 1962లో పారిస్ నగరంలోని ఒతోయి మైదానంలో ఫ్రెడ్ వింటర్ అనే జాకీ ‘మాండరిన్’ అనే చిన్న గుర్రాన్ని ఎక్కినాడు. పందెం మొదట్లోనే కళ్లెపు ముక్క నోటిలో విరిగిపోయింది. ఆపడానికి లేదు, మలుపు తిప్పడానికి లేదు. మోకాళ్ల ఒత్తిడితో, దేహపు వాలుతో మిగిలిన దూరమంతా నడిపించి, చివరికి కాలు నొచ్చిన గుర్రంతోనే తల నిడివి తేడాతో గెలిచినాడు. కళ్లెం లేని గుర్రం మనిషి మాట విన్నదంటే అది భయం చేత కాదు, పరస్పర విశ్వాసం చేత. మన సామెతకు ఇంతకు మించిన సాక్ష్యం నాకు తెలియదు.

రెండవది 1982 నాటి మాట. ఆ ఋతువులో ఇంగ్లండు దేశపు అగ్రశ్రేణి జాకీ బిరుదుకు పీటర్ స్కుడమోర్ ముందంజలో ఉండగా పడిపోయి గాయపడినాడు. అతని గెలుపులు 120 వద్ద నిలిచిపోయినాయి. ప్రత్యర్థి జాన్ ఫ్రాంకమ్ తానూ 120కి చేరుకున్నాడు. ఇంకొక్కటి గెలిస్తే బిరుదు అతని ఒక్కనిదే. కాని ఆ దినం నుండి అతడు ఆ ఋతువులో మరి జీనెక్కలేదు. ఆసుపత్రి పాలైన వానితో బిరుదు పంచుకున్నాడు. పరీక్షలలో ఒక్క మార్కు కోసం స్నేహాన్ని తెంచుకునే మన విద్యార్థులు ఈ సంగతిని ఒక్క నిమిషం ఆలోచించాలని నా ప్రార్థన.

ఇక్కడ న్యాయమైన ఆక్షేపణ ఒకటి కలదు. నోరులేని జంతువును కంచెలపై దుమికించి, దాని కాలు విరిగితే ప్రాణం తీయడం క్రూరత్వం కాదా అని అడుగుతారు. నిజమే. ఈ పందెములలో గుర్రాలు మరణించినవి, నేటికీ మరణిస్తున్నవి. ఆ సంగతిని దాచి స్మృతులను మాత్రమే పొగడడం నిజాయితీ కాదు. ప్రజల ఆందోళన ఫలితంగా ఎయిన్‌ట్రీ కంచెలను మెత్తపరచినారు. నలభై గుర్రాలు పరుగెత్తే చోట 2024 నుండి ముప్పది నాలుగింటినే అనుమతిస్తున్నారు. ఇది చాలదనేవారితో నాకు వివాదం లేదు. కాని గమనించండి: గుర్రాన్ని పేరు పెట్టి ప్రేమించినవారే దాని రక్షణ కోసం గొంతెత్తినారు. దానిని చీటీపై అంకెగా చూసినవాడు ఏనాడూ గొంతెత్తలేదు.

ఇక పందెపు సొమ్ము సంగతి. మన కళాశాలలో చదివే ముస్లిం విద్యార్థికి ఈ విషయంలో సందేహం ఉండనక్కరలేదు. ఖుర్ఆన్‌లోని నూరవ సూరా ‘అల్ ఆదియాత్’ పరుగెత్తే అశ్వాలపై ప్రమాణంతోనే ఆరంభమవుతుంది. ప్రవక్త మహమ్మదు (స) మదీనాలో శిక్షణ పొందిన గుర్రాలకు దూరపు పరుగు, శిక్షణ లేని వాటికి దగ్గర పరుగు ఏర్పాటు చేసినారనీ, ఆ పోటీలో ఇబ్నె ఉమర్ స్వయంగా పాల్గొన్నారనీ సహీహ్ బుఖారీ గ్రంథంలో ఉన్నది. అదే ధర్మం జూదాన్ని ఖండితంగా నిషేధించింది. అనగా గుర్రాన్ని ప్రేమించడం ఒకటి, గుర్రం పేరున జూదమాడడం వేరొకటి. హిందూ సోదరులకైనా జూదం వలన ధర్మరాజుకు ఏమి గతి పట్టినదో నేను చెప్పనవసరం లేదు.

గుర్రపు పందెం ప్రధానంగా నైపుణ్యంపై ఆధారపడినదని మన సుప్రీంకోర్టు 1996 జనవరిలో తీర్పు చెప్పింది. న్యాయశాస్త్ర రీత్యా ఆ తీర్పును నేను కాదనను. కాని మైదానం మీద చెమటోడ్చేది గుర్రమూ, రౌతూ, సాయీసూ, శిక్షకుడూ. నీడలో కూర్చుని చీటీ కొన్నవాడు ఆ నైపుణ్యంలో తనకూ వాటా ఉన్నదని భ్రమపడి ఇల్లు గుల్ల చేసుకుంటున్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే ఆన్‌లైన్ జూదంపై నిషేధం విధించినా, చేతిలోని ఫోను ద్వారా పందెములు కాసి అప్పుల పాలైన యువకుల విషాద వార్తలు మనం పత్రికలలో చదువుతూనే ఉన్నాము. వారిలో ఎవరికైనా ఒక గుర్రం మెడ నిమిరిన అనుభవం ఉన్నదా? ఒక ఆటగాని శ్రమను దగ్గరగా చూచినవారున్నారా? శ్రమను చూడనివానికే అదృష్టం మీద ఆశ పుడుతుంది.

గుర్రంతో కంచె దుమికే విద్యలో మన దేశమూ వెనుకబడినది కాదు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో రఘువీర్ సింగ్ ‘షాజాదా’ అనే గుర్రంపై త్రివిధ అశ్వక్రీడలో స్వర్ణ పతకం సాధించినాడు. గులాం మహమ్మద్ ఖాన్ రజత పతకం పొందినాడు. జట్టు స్వర్ణం కూడా మనకే దక్కింది. 2021లో జరిగిన టోకియో ఒలింపిక్సులో బెంగుళూరుకు చెందిన ఫవాద్ మిర్జా అదే క్రీడలో తుది ఘట్టం దాకా చేరుకున్నాడు. ఈ విజయాల మీద ఎవరి ఇల్లూ తాకట్టు పడలేదు. పతకం దేశానిది, ఆనందం అందరిది.

మన ప్రాంతపు ప్రజలకు జంతువును గౌరవించి జ్ఞాపకముంచుకోవడం కొత్త కాదు. ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతాలలో తిరునాళ్లకు బండలాగుడు పోటీలు జరిగినప్పుడు చూడండి. ఎద్దుల జత ఎవరిది, ఏ ఊరిది, బండను ఎన్ని అడుగులు లాగింది అన్నది రైతులు ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. గట్టు మీద కూర్చున్న ముసలివాడు పాతికేళ్ల నాటి కాడెద్దుల రంగూ, కొమ్ముల వంపూ వర్ణిస్తాడు. అదే గౌరవం జట్కా గుర్రానికీ, దానిని సాకిన సాయిబుకూ దక్కలేదన్నదే నా బాధ. ఆటోలు వచ్చినాయి, జట్కాలు పోయినాయి. అది కాలధర్మం, దానికి విచారించి ప్రయోజనం లేదు. కాని గుర్రానికి లాడం కొట్టిన నాల్‌బందు, జీను కుట్టినవాడు, మైదానంలో సాయీసుగా బతికినవాడు – వీరి జ్ఞాపకాలు కూడా వారితోపాటే మట్టిలో కలిసిపోవడం కాలధర్మం కాదు, మన అశ్రద్ధ.

కావున కళాశాల కమిటీ వారికి నాదొక విన్నపం. నంద్యాలలోనూ, ఆళ్లగడ్డలోనూ జట్కాలు తోలిన వృద్ధులు, వారి కుటుంబాలవారు ఇంకా కొందరున్నారు. ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు జతలుగా వారి వద్దకు పోయి, వారు వాడిన మాటలను, గుర్రాల పేర్లను, రోగాలకు చేసిన నాటువైద్యాన్ని, విన్న పందెపు కథలను రాసుకుని రావాలి. ఉర్దూ మాట ఉర్దూ లిపిలో, తెలుగు మాట తెలుగు లిపిలో పక్కపక్కన అచ్చు వేయాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు. రెండు నోటు పుస్తకాలు, కొన్ని ఆదివారాలు చాలు. రాబోయే వార్షిక సంచికలో కొన్ని పుటలు ఇందుకు కేటాయిస్తే, వేరెవ్వరూ చేయని పని మన కళాశాల చేసినట్లవుతుంది. జూదం చెడ్డదని గోడల మీద రాసేకంటె, ఒక ముసలి సాయీసు పక్కన గంటసేపు కూర్చోబెట్టడం విద్యార్థికి ఎక్కువ మేలు చేస్తుందని నా విశ్వాసం.

చివరిగా మా వీధి చాచా సంగతి. జట్కాకు గిరాకీ తగ్గినాక ఆయన బండి అమ్మివేసినాడు గాని గుర్రాన్ని అమ్మలేదు. అప్పటికే దానికి చూపు పోయింది. దానితో ఆయనకు పైసా ఆదాయం లేదు. అయినా ప్రతి సాయంకాలం ఉలవలు ఉడికించి, చల్లార్చి, చేత్తో తినిపించేవాడు. ఎందుకీ వృథా ఖర్చని ఎవరో అడిగితే, “నా బిడ్డలకు ముప్పై ఏండ్లు అన్నం పెట్టింది. ఇప్పుడు దాని వంతు” అన్నాడు. ‘గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు’ అని సామెత చెప్పినవారు విసుగుతో చెప్పినారో, ప్రేమతో చెప్పినారో నాకు తెలియదు. ఆ ముసలివాని చేతిలో మాత్రం అది ధర్మవాక్యమైంది.

గుర్రం కొద్దీ పందెం కాసేవారు లోకంలో ఎప్పుడూ ఉంటారు. రౌతు కొద్దీ గుర్రాన్ని గుర్తించేవారు కావలసి ఉన్నది. విద్యార్థి మిత్రులు ఆ రెండవ తరగతిలో చేరాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.